ఆఫీసు అంతస్తులో నెట్‌వర్క్ కేబుల్ లాగి, లేబుల్ వేయడం ఎలా?

వాణిజ్య భవనంలో ఫాల్స్ సీలింగ్ పలకలు బిగించాక ఒక నెట్‌వర్క్ కేబుల్‌ను గుర్తుపట్టడానికి మిగిలే ఆధారం దాని రెండు కొసల మీద ఉన్న రాత ఒక్కటే. మధ్యలో ఉన్న నలభై యాభై మీటర్లు కంటికి కనబడవు. ఒకే రంగు తొడుగుతో, ఒకే లావుతో నూటికి పైగా కేబుళ్లు ఒకే ట్రేలో పక్కపక్కనే పడి ఉంటాయి. అందుకే కేబుల్ లాగడాన్ని, లేబుల్ వేయడాన్ని వేర్వేరు పనులుగా చూడకూడదు. చాలా చోట్ల లేబుళ్లను చివరి రోజుకు వదిలేసి, పని అప్పగించే ముందు సాయంత్రం ఒకరు చిన్న ప్రింటర్ పట్టుకుని, నెట్‌వర్క్ పరికరాలు బిగించే ర్యాక్ ముందు కూర్చుంటారు. అప్పటికే సగం తప్పులు జరిగిపోయి ఉంటాయి. పేరు పెట్టిన తర్వాతే కేబుల్ పెట్టెలోంచి బయటికి రావాలన్నది ఇన్నేళ్ల పనిలో నాకు స్థిరపడిన పద్ధతి. ఈ వ్యాసం ఆ క్రమంలోనే సాగుతుంది.

ఉదాహరణకు హైదరాబాద్ ఐటీ కారిడార్‌లో మామూలుగా కనిపించే ఒక అంతస్తును తీసుకుందాం. మూడో అంతస్తు, 60 మందికి 60 బల్లలు, ఒక్కో బల్లకు రెండు పాయింట్లు (సాకెట్లు), సీలింగ్‌లో 5 వైర్‌లెస్ యాక్సెస్ పాయింట్లు, ఒక్కోదానికి రెండేసి కేబుళ్లు, 6 కెమెరాలు. మొత్తం 136 కేబుళ్లు. అన్నీ ఆ అంతస్తులోనే ఉన్న నెట్‌వర్క్ గదికి చేరాలి. వైర్‌లెస్ పాయింట్లకు క్యాట్ 6ఏ (క్యాట్ 6 కంటే మెరుగైన తరగతి కేబుల్) వేయడం మేలు కాని, లెక్క సులువుగా ఉండటం కోసం ఇక్కడ అన్నీ క్యాట్ 6 అనే అనుకుందాం.

ముందుగా కాగితం మీద

ఫ్లోర్ ప్లాన్ ప్రింటు తీసుకుని నెట్‌వర్క్ గది నుంచి అన్నిటికంటే దూరంగా ఉన్న పాయింటును గుర్తించండి. అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం టీఐఏ ఇచ్చిన టీఐఏ-568 ప్రమాణం ప్రకారం, నెట్‌వర్క్ గదిలో కేబుళ్లన్నీ వచ్చి చేరే ప్యాచ్ ప్యానెల్ నుంచి గోడ మీది సాకెట్ వరకు శాశ్వతంగా ఉండే కేబుల్ 90 మీటర్లు మించకూడదు. రెండు వైపులా తగిలించే ప్యాచ్ కార్డులతో (పొట్టి కేబుళ్లతో) కలిపి మొత్తం 100 మీటర్లు. ఈ దూరాన్ని ప్లాన్ మీద స్కేలు పెట్టి ఏటవాలుగా కొలవకూడదు. కేబుల్ ట్రే వెంబడి నడుస్తుంది, మూలల్లో తిరుగుతుంది, ర్యాక్ దగ్గర పైనుంచి కిందికి దిగుతుంది, బల్ల దగ్గర మళ్లీ దిగుతుంది. ప్లాన్ మీద 70 మీటర్లుగా కనిపించిన పాయింటు లాగేసరికి 90 దాటిన సందర్భాలు ఉన్నాయి. ఆ పరిస్థితి కాగితం మీదే తెలిస్తే రెండో నెట్‌వర్క్ గది గురించి మాట్లాడవచ్చు. లాగాక తెలిస్తే ఆ కేబుల్ వృథా. ఒక్క సెకనుకు 10 గిగాబిట్ల వేగం కావాలంటే మామూలు క్యాట్ 6 మీద 55 మీటర్ల వరకే ఆశ పెట్టుకోవాలి. 100 మీటర్లూ ఆ వేగం అందాలంటే క్యాట్ 6ఏ వేయాలి.

ఎన్ని పెట్టెలు కొనాలో లెక్క వేయడంలో కొత్తవారు తరచూ పొరబడతారు. అన్ని పొడవులనూ కూడి 305తో భాగిస్తారు, ఎందుకంటే ఒక పెట్టెలో 305 మీటర్లు, అంటే వెయ్యి అడుగుల కేబుల్ ఉంటుంది. ఆ లెక్క పనికిరాదు. ప్రతి పెట్టెలో చివర మిగిలే ముక్క తర్వాతి పాయింటుకు చాలకపోతే దాన్ని అతికి వాడలేం. మన అంతస్తులో దగ్గరి పాయింటు 14 మీటర్లు, దూరపుది 62 మీటర్లు అనుకుంటే సగటు 38. దానికి పది శాతం కలిపి, రెండు కొసల్లో వదిలే మిగులు, దిగే పొడవు కోసం ఇంకో నాలుగు మీటర్లు చేర్చితే ఒక్కో కేబుల్‌కు సుమారు 46 మీటర్లు. 305ని 46తో భాగిస్తే ఒక పెట్టెకు 6 కేబుళ్లు వస్తాయి. 136 కేబుళ్లకు 23 పెట్టెలు కావాలి. పాత పద్ధతిలో లెక్క వేసిన వారికి 21 చాలనిపిస్తుంది, చివరి రోజు రెండు పెట్టెల కోసం పని ఆగిపోతుంది.

పెట్టెలు వచ్చాక ఒకదాన్ని విప్పి, ఒక తీగ కొసను బ్లేడుతో గీకి చూడండి. లోపల తెల్లగా మెరిస్తే అది రాగి పూత పూసిన అల్యూమినియం. అలాంటి కేబుల్ ధర తక్కువ, చేత్తో ఎత్తితే తేలిక, పంచ్ చేసేటప్పుడు, అంటే తీగలను సాకెట్‌లోకి నొక్కి బిగించేటప్పుడు, పుటుక్కున విరుగుతుంది. అన్నిటికంటే ముఖ్యం, కెమెరాలకూ వైర్‌లెస్ పాయింట్లకూ విద్యుత్తు ఇదే కేబుల్ మోస్తుంది కాబట్టి నిరోధం ఎక్కువ ఉన్న తీగ వేడెక్కుతుంది. అలాంటి కేబుల్‌ను నిస్సంకోచంగా వెనక్కి పంపండి. తొడుగు విషయానికి వస్తే, మనుషులు పనిచేసే భవనంలో తక్కువ పొగ వచ్చే, హాలోజన్ లేని తొడుగు ఉన్న కేబుల్ అడగాలి. మామూలు పీవీసీ కాలితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది, అది మనిషి ఊపిరితిత్తులనూ యంత్రాలనూ కూడా పాడు చేస్తుంది.

పేరు ఎలా కట్టాలి?

పేరులో మూడు విషయాలు తెలిస్తే చాలు: ఏ గది, ఏ ప్యానెల్, ఏ పోర్టు. లేబుళ్ల గురించి చెప్పే టీఐఏ-606 ప్రమాణం కూడా ఇదే దారిలో నడుస్తుంది. మూడో అంతస్తులోని 'ఏ' అనే నెట్‌వర్క్ గదిలో 'బీ' ప్యానెల్ 17వ పోర్టుకు వచ్చే కేబుల్ పేరు 3ఏ-బీ17. లేబుల్ మీద ఇంగ్లిష్ అక్షరాలే వేస్తారు, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఇదే పేరు కేబుల్ రెండు కొసల మీద, ప్యానెల్ మీద, బల్ల దగ్గరి ఫేస్ ప్లేట్ (సాకెట్ ముందు పలక) మీద, టెస్ట్ రిపోర్టులో, డ్రాయింగ్‌లో ఒక్క అక్షరం తేడా లేకుండా ఉండాలి. ఒకచోట 3ఏ-బీ17, ఇంకోచోట బీ-17, మరోచోట ఉత్త 17 అని ఉంటే అవి మూడు పేర్లు; ఏడాది తర్వాత వచ్చే మనిషికి మూడు అనుమానాలు.

అంకెలు ఎప్పుడూ రెండు స్థానాల్లో రాయాలి, 1 కాదు 01. లేకపోతే కంప్యూటర్ పట్టికలో 1 తర్వాత 10, 11 వచ్చి కూర్చుంటాయి. ఇంగ్లిష్ అక్షరాల్లో ఐ, ఓ వాడకండి, అవి 1, 0 లాగే కనిపిస్తాయి. చేత్తో రాసేటప్పుడు 6, 9 కింద గీత గీయాలి, ఎందుకంటే కేబుల్ ఎటు తిప్పినా తిరుగుతుంది. పేరులో మనుషుల పేర్లు, విభాగాల పేర్లు పెట్టకూడదు. అకౌంట్స్ వాళ్లు ఆరు నెలల్లో పక్క అంతస్తుకు వెళ్లిపోతారు, కేబుల్ మాత్రం పదిహేనేళ్లు అక్కడే ఉంటుంది. ఫోనుకు వేరుగా, కంప్యూటర్‌కు వేరుగా అక్షరం పెట్టే పాత అలవాటు కూడా ఇప్పుడు అనవసరం. ఏ పాయింటులో ఏదైనా తగిలించవచ్చు.

మన అంతస్తులో 24 పోర్టుల ప్యానెళ్లు ఆరు కావాలి. ఏ నుంచి ఈ వరకు అయిదు ప్యానెళ్లు బల్లల 120 పాయింట్లకు సరిగ్గా సరిపోతాయి. ఎఫ్ ప్యానెల్‌లో వైర్‌లెస్‌వి పది, కెమెరాలవి ఆరు పోను ఎనిమిది పోర్టులు ఖాళీగా ఉంటాయి. అంకెలు వేసే దిశను ముందే ఖాయం చేసుకోండి. ప్రధాన ద్వారం దగ్గర మొదలుపెట్టి, గుడిలో ప్రదక్షిణ చేసే దిశలో వెళ్లడం నాకు అలవాటు. దిశ ఏదైనా ఫరవాలేదు, అన్ని అంతస్తుల్లో ఒకటే ఉండాలి. అప్పుడు 3ఏ-సీ09 ఎక్కడుందో తెలియని మనిషి కూడా సీ08 చూసి, దాని తర్వాతి బల్ల దగ్గరికి వెళ్తాడు.

ఇప్పుడు ఒక పట్టిక తయారు చేయండి. వరుసకు ఒక కేబుల్. పేరు, బల్ల సంఖ్య, పెట్టె సంఖ్య, బల్ల వైపు కొసన తొడుగు మీద అచ్చయి ఉన్న మీటర్ అంకె, ర్యాక్ వైపు కొసన ఉన్న మీటర్ అంకె, టెస్ట్ ఫలితం. మీటర్ అంకెల వరుసలు ఎందుకో కింద చెబుతాను. ఈ పట్టికను అట్టకు బిగించి నెట్‌వర్క్ గదిలో వేలాడదీయండి. అది ఒకరి జేబులో ఉండకూడదు.

దారి సిద్ధం చేయడం

కేబుళ్లు రాకముందే ట్రేలు, పైపులు పూర్తయి ఉండాలి. ట్రే అడ్డుకోతలో సగానికి మించి కేబుల్ ఉండకూడదు. లెక్కలో సగం అంటే కంటికి ట్రే నిండినట్టే కనిపిస్తుంది, గుండ్రని కేబుళ్ల మధ్య ఖాళీలు అంత చోటు తింటాయి. సుమారు 6 మిల్లీమీటర్ల లావున్న 136 కేబుళ్లకు గది ముఖద్వారం దగ్గర 150 మిల్లీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల ఎత్తు ఉన్న ట్రే చాలదు. 200 వెడల్పు వేయాలి. పైపుల్లో అయితే 40 శాతమే హద్దు. 25 మిల్లీమీటర్ల పీవీసీ పైపులో నాలుగు కేబుళ్లు హాయిగా వెళ్తాయి. అయిదో దాన్ని దూర్చవచ్చు కాని, ఆరో దాన్ని లాగితే ముందున్నవాటి తొడుగు చీరుతుంది. రెండు పుల్ బాక్సుల (కేబుల్ లాగడానికి పైపు దారిలో పెట్టే పెట్టెల) మధ్య 30 మీటర్లకు మించిన దూరం గాని, 90 డిగ్రీల మలుపులు రెండుకు మించి గాని ఉండకూడదు. మూడో మలుపు తప్పదంటే అక్కడ ఒక పుల్ బాక్సు పెట్టించండి.

కరెంటు తీగలకు దూరం పాటించాలి. 230 వోల్టుల లైన్లకు సమాంతరంగా వెళ్లేటప్పుడు కనీసం 300 మిల్లీమీటర్ల ఎడం ఉంచితే నిశ్చింత. దాటక తప్పనిచోట నిలువుకు అడ్డంగా, సరిగ్గా లంబకోణంలో దాటాలి. ఒకే రేస్‌వేలో, అంటే తీగలు వెళ్లే కాలువలాంటి గొట్టంలో, రెండూ వెళ్లాల్సి వస్తే మధ్యలో ఎర్త్ చేసిన ఇనుప అడ్డు ఉండాలి. లిఫ్ట్ మోటార్లు, ఏసీ యంత్రాల పక్క నుంచి దగ్గరి దారి ఉందని కేబుల్ తీసుకెళ్లకండి.

ఫాల్స్ సీలింగ్ పలకల మీద కేబుల్‌ను పరచడం, సీలింగ్‌ను వేలాడదీసిన తీగలకు కట్టడం, ఫైర్ స్ప్రింక్లర్ పైపులకు చుట్టడం అనేవి మూడూ చేయకూడనివే. ట్రే లేని చోట స్లాబ్‌కు బిగించిన కొక్కేలను మీటరున్నరలోపు ఒకటి చొప్పున వేయాలి. ట్రే అంచులను, పైపు మూతులను వేళ్లతో తడిమి చూడండి. కోసిన ఇనుము పదునుగా ఉంటే ఆకురాయితో రుద్ది, రబ్బరు గ్రామెట్ (అంచుకు తొడిగే చుట్టు) పెట్టాలి. సీలింగ్ పైన తల పెట్టే వారికి హెల్మెట్, ముక్కుకు మాస్కు తప్పనిసరి. అక్కడ గ్లాస్ వూల్ నలుసులు, కోసి వదిలేసిన ఇనుప కమ్మీలు, ఒక్కోసారి టేపు కూడా చుట్టని కరెంటు తీగలు ఉంటాయి. నిచ్చెన కింద పట్టుకోవడానికి ఒకరు లేకుండా పైకెక్కవద్దు.

రాయండి, ఆ తర్వాత లాగండి

నెట్‌వర్క్ గదిలో 12 పెట్టెలను వరుసగా నేల మీద పెట్టండి. మన అంతస్తులో ఆరు బల్లలు ఒక గుంపు, గుంపుకు 12 పాయింట్లు. కాబట్టి ఒక్కో లాగుడుకు ఒక గుంపు పూర్తవుతుంది. ప్రతి పెట్టె మీద పెద్ద అక్షరాలతో పెట్టె సంఖ్య రాయాలి. పెట్టె నోటి దగ్గర అతికించిన కాగితం టేపు మీద, ఇప్పుడు అందులోంచి బయటికి రాబోయే కేబుల్ పేరు రాయాలి. తర్వాత కేబుల్ కొస పట్టుకుని, అదే పేరును చెరగని మార్కర్‌తో తొడుగు మీద రెండు చోట్ల రాయాలి: కొస నుంచి జానెడు దూరంలో ఒకసారి, మీటరు దూరంలో మరోసారి. రాసిన చోట పారదర్శక టేపు ఒక చుట్టు వేయండి. జిప్సమ్ దుమ్ము పట్టిన చేతుల్లోంచి, ఇనుప ట్రే మీదుగా యాభై మీటర్లు రాసుకుంటూ వెళ్లేసరికి ఉత్త మార్కర్ రాత సగం చెరిగిపోతుంది. ఆ కొసన తొడుగు మీద అచ్చయిన మీటర్ అంకెను చూసి పట్టికలో వేయండి.

రెండు చోట్ల రాయడం ఎందుకో నాకు బాగా తెలిసివచ్చిన సందర్భం ఒకటి ఉంది. గచ్చిబౌలిలో ఒక భవనం నాలుగో అంతస్తు పని. మర్నాడు పొద్దున్నే సీలింగ్ వాళ్లు పలకలు బిగిస్తామన్నారు. చీకటి పడుతోంది, చివరి గుంపు 12 కేబుళ్లు బల్లల దగ్గరికి చేరాయి. పెట్టెల దగ్గర కోసేయమని నేనే చెప్పాను, కోసే ముందు అక్కడ పేర్లు రాశారా అని అడగలేదు. బల్లల వైపు కొసల మీద రాసే ఉంది కదా అన్న ధైర్యం. ఈలోగా అక్కడ పనిచేస్తున్న కుర్రాడు గోడ పెట్టెల్లోంచి ఎక్కువగా వేలాడుతున్న కేబుళ్లను పొందికగా ఉంటుందని జానెడేసి కత్తిరించాడు. రాసి ఉన్నది ఆ జానెడులోనే. నేల మీద పడిన ముక్కల మీద పన్నెండు పేర్లూ చక్కగా కనిపిస్తున్నాయి, కేబుళ్ల మీద మాత్రం ఏదీ లేదు. తప్పు ఆ కుర్రాడిది కాదు, అతనికి చెప్పని నాది. టోనర్ పరికరంతో ఒక కొసన శబ్దం పంపి రెండో కొసన వెతికితే, కట్టలో పక్కపక్కనే ఉన్న కేబుళ్లలోకి కూడా ఆ శబ్దం పాకి మూడు నాలుగు ఒకేసారి మోగాయి. ఒక్కోదాన్నీ విడదీసి, మళ్లీ మళ్లీ వినిపించుకుంటూ 12 కేబుళ్లకు పేర్లు పెట్టేసరికి తెల్లవారింది.

అప్పటి నుంచి తొడుగు మీది మీటర్ అంకెలను రెండు కొసలా రాసుకుంటున్నాను. ఒక కేబుల్ బల్ల వైపు కొసన 271, ర్యాక్ వైపు కొసన 230 అని పట్టికలో ఉంటే, ఎన్నేళ్ల తర్వాత లేబుల్ ఊడిపోయినా ఆ అంకెలే దాని గుర్తు. తేడా 41 మీటర్లు కాబట్టి పొడవు కూడా కొలవకుండానే తెలుస్తుంది. కొసలు సర్దాక అంకెలు ఒకటి రెండు మీటర్లు జరుగుతాయి, అయినా గుర్తు పట్టడానికి అది అడ్డం కాదు.

ఇక లాగడం. దూరపు గుంపులను ముందు లాగాలి, దగ్గరివాటిని చివరికి ఉంచాలి; అప్పుడు పెట్టెల్లో మిగిలిన 25, 30 మీటర్ల ముక్కలు దగ్గరి పాయింట్లకు పనికొస్తాయి. పన్నెండు కొసలనూ ఒకే చోట గుత్తిగా కట్టకుండా, ఒకదాని వెనక ఒకటి కొంచెం కొంచెం జరిపి, ముందు సన్నగా వెనక లావుగా కోసుగా వచ్చేలా ఇన్సులేషన్ టేపు బిగించి చుట్టాలి. పైపుల్లోంచి అయితే ముందు ఉక్కు తీగ పంపి, దానితో నైలాన్ తాడు లాగి, ఆ తాడుకు కేబుళ్లు కట్టాలి. వాటితో పాటే మరో తాడును కూడా లాగి లోపల వదిలేస్తే తర్వాత ఎప్పుడైనా అదనపు కేబుల్ వేసేవారికి మేలు.

ఈ పనికి కనీసం నలుగురు కావాలి: పెట్టెల దగ్గర ఒకరు, ట్రే మలుపు దగ్గర ఒకరు, లాగే చోట ఒకరు, అవసరమైన చోటికి నిచ్చెన జరుపుతూ ఒకరు. మలుపు దగ్గర మనిషి కేబుల్‌ను చేత్తో అందించాలి. మలుపు చుట్టూ తాడు లాగినట్టు లాగకూడదు. ఒక్కో కేబుల్ మీద 110 న్యూటన్లకు మించి బలం పడకూడదన్నది ప్రమాణం. అంటే సుమారు 11 కిలోల బరువు, నిండా నీళ్లున్న పది లీటర్ల బకెట్‌ను ఒంటిచేత్తో ఎత్తేటప్పుడు పట్టే బలం. పన్నెండు కలిపి లాగుతున్నాం కాబట్టి పన్నెండు రెట్లు లాగవచ్చని అనుకోకండి, భారం అన్నిటి మీదా సమానంగా పడదు, బిగుతుగా ఉన్న ఒకటి రెండే మొత్తం మోస్తాయి. అంతకు మించి లాగితే కేబుల్ తెగదు. అందుకే ఆ తప్పు ఎవరికీ కనబడదు. తొడుగు లోపల రెండేసి తీగలను మెలేసిన జంటల మెలిక సాగిపోతుంది, ఆ మెలిక వల్లే ఒక జంట సంకేతం ఇంకో జంటలోకి పోకుండా ఉంటుంది. మూడు వారాల తర్వాత టెస్టర్ పెట్టినప్పుడు ఫెయిల్ అని వస్తుంది, అప్పటికి సీలింగ్ మూసి ఉంటుంది.

లాగుతున్నప్పుడు ఎక్కడైనా ఆగితే బలం పెంచవద్దు. ఆపమని కేక వేసి, చిక్కుకున్న చోటికి మనిషిని పంపండి. పెట్టెలోంచి వచ్చేటప్పుడు కేబుల్ సుడి తిరిగి ముడిపడబోతే వెంటనే ఆపాలి. ముడి బిగుసుకుని తొడుగు మీద తెల్లని మడత పడిందంటే దాన్ని చేత్తో సాపు చేసి ముందుకు పంపడం కంటే ఆ కేబుల్‌ను వెనక్కి లాగి మార్చడమే నయం. మలుపుల దగ్గర వంపు వ్యాసార్థం కేబుల్ లావుకు నాలుగు రెట్లకు తగ్గకూడదు. 6 మిల్లీమీటర్ల కేబుల్‌కు అది సుమారు 25 మిల్లీమీటర్లు. లాగుడు మీద ఉన్నప్పుడు ఇంకో రెండింతలు ఉదారంగా వదిలితే మంచిది.

కొసలు బల్లల దగ్గరికి చేరి, అక్కడి మనిషి ఒక్కో పేరూ బిగ్గరగా చదివి సరిచూశాకే పెట్టెల దగ్గర పని మొదలవ్వాలి. పెట్టె నోటి దగ్గర టేపు మీద ఉన్న పేరును కేబుల్ మీద రెండు చోట్ల రాయండి. మీటర్ అంకె పట్టికలో వేయండి. తర్వాత ర్యాక్ వరకు దిగే పొడవు, దాని మీద మూడు మీటర్ల మిగులు చూసుకుని కోయండి. కోశాక టేపు మీది పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాయండి. కత్తెర ఎప్పుడూ మార్కర్ పట్టుకున్న మనిషి చేతిలోనే ఉండాలన్నది నేను పెట్టుకున్న నియమం. రెండూ వేర్వేరు చేతుల్లో ఉంటే ఏదో ఒకరోజు కత్తెర ముందు నడుస్తుంది. బల్ల వైపు 30 సెంటీమీటర్ల మిగులు చాలు, మీటరు దూరంలో రాసిన పేరు గోడ లోపలికి వెళ్లి ఉంటుంది కనుక అక్కడ కత్తిరించే ముందు పేరును కొత్త కొసకు ఎక్కించడం మరవద్దు.

అగ్నిని ఆపే గోడల్లోంచి, అంతస్తుల మధ్య రంధ్రాల్లోంచి కేబుళ్లు వెళ్లిన చోట్లన్నిటినీ అదే రోజు ఫైర్ స్టాప్ పుట్టీతో లేదా సీలెంట్‌తో మూసేయాలి. తెరిచి ఉంచిన రంధ్రం అగ్నిప్రమాదంలో పొగకు గొట్టం అవుతుంది. ఎలుకలు కూడా ఆ దారినే వస్తాయి, మన భవనాల్లో అది చిన్న బెడద కాదు.

కట్టడం, పంచ్ చేయడం

ట్రేలో, ర్యాక్‌లో వెల్క్రో పట్టీలే వాడండి. ప్లాస్టిక్ కేబుల్ టైను ప్లయర్‌తో బిగిస్తే కేబుల్ నడుము నొక్కుకుపోతుంది, లోపలి జంటల మధ్య దూరం మారిపోతుంది. వెల్క్రో కట్టాక పట్టీ కింద కేబుల్ వేలితో కదిలేంత వదులు ఉండాలి. కెమెరాలకు, వైర్‌లెస్‌కు కరెంటు మోసే కేబుళ్లను 24కు మించి ఒకే కట్టగా కట్టకండి. 2018లో వచ్చిన 802.3బీటీ ప్రమాణం ప్రకారం ఒక్క పోర్టు నుంచి 90 వాట్ల వరకు పంపవచ్చు, పెద్ద కట్ట నడిమధ్య ఉన్న కేబుల్‌కు ఆ వేడి బయటికి పోయే దారి ఉండదు.

పంచ్ చేసేటప్పుడు టీ568ఏ, టీ568బీ అనే రెండు రంగుల క్రమాల్లో ఏదో ఒకటే భవనమంతా ఉండాలి. మన ఆఫీసుల్లో ఎక్కువగా బీ కనిపిస్తుంది: తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-ఆకుపచ్చ, నీలం, తెలుపు-నీలం, ఆకుపచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ. జాక్ మీదే రంగులు అచ్చయి ఉంటాయి కాబట్టి కంఠస్థం అక్కర్లేదు. జంట మెలిక విప్పేది 13 మిల్లీమీటర్లకు మించకూడదు, ఎంత తక్కువైతే అంత మంచిది. తొడుగును జాక్ దాకా తీసుకురావాలి. సులువుగా ఉంటుందని రెండంగుళాల తొడుగు ఒలిచి, జంటలను దువ్వెనతో దువ్వినట్టు సాపు చేసే అలవాటు చాలామందిలో ఉంది. దీపాలు వెలిగే చిన్న టెస్టర్‌లో ఆ పని తప్పుగా కనబడదు, అసలు టెస్టర్‌లో కనబడుతుంది.

పక్కా లేబుల్

ఇప్పుడు మార్కర్ రాత స్థానంలో అచ్చు లేబుల్ వస్తుంది. ముందు తెల్ల భాగం, వెనక పారదర్శక తోక ఉండే చుట్టుడు లేబుళ్లు దీనికి తగినవి. 6 మిల్లీమీటర్ల కేబుల్ చుట్టుకొలత సుమారు 19 మిల్లీమీటర్లు. తెల్ల భాగం ఒక చుట్టు లోపే ముగిసి, తోక దాని మీద పూర్తిగా ఇంకో చుట్టు రావాలి. అప్పుడు అక్షరాలు తోక కింద భద్రంగా ఉంటాయి. పేరును ఒకదాని కింద ఒకటిగా మూడుసార్లు అచ్చు వేస్తే కేబుల్‌ను తిప్పకుండా ఏ పక్క నుంచైనా చదవవచ్చు. వేడితో నలుపెక్కే మామూలు థర్మల్ కాగితం వాడకండి, బిల్లు కాగితాల్లాగే అది కొన్నాళ్లకు వెలిసిపోతుంది. రిబ్బన్‌తో అచ్చు వేసే ప్రింటర్ కావాలి.

అతికించే ముందు ఆ చోటును ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో తుడవండి. ఈ ఒక్క పని చేయనందువల్లే నెల తిరక్కుండా ర్యాక్ అడుగున లేబుళ్లు ఎండుటాకుల్లా రాలి ఉంటాయి. సిమెంటు దుమ్ముకు జిగురు అంటుకుంటుంది, కేబుల్‌కు కాదు. లేబుల్ స్థానం కొస నుంచి 30 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ర్యాక్ వైపు ప్యానెల్ వెనక నిలబడి టార్చి వేస్తే వరుసగా కనిపించేలా అన్నిటికీ ఒకే దూరంలో, ఒకే దిశలో వేయండి. ఒక్కో లేబుల్ వేసేటప్పుడు కింద మార్కర్ రాత చదివి, దానితో సరిచూసి, ఆ తర్వాతే అతికించండి. 24 లేబుళ్లు ఒకేసారి అచ్చు వేసి చేతి మీద వరుసగా అంటించుకుని వేసుకుంటూ పోతే, మధ్యలో ఒకటి తప్పిందంటే దాని తర్వాతవన్నీ ఒక్కో స్థానం జరిగిపోతాయి.

ఫేస్ ప్లేట్ మీద పేరు పారదర్శక కిటికీ లోపల ఉండాలి. సీలింగ్ పైన ఉన్న వైర్‌లెస్, కెమెరా పాయింట్ల పేర్లను ఆ పలక కింది సీలింగ్ ఫ్రేమ్ మీద కూడా చిన్నగా అతికిస్తే, రేపు పలక ఎత్తే మనిషి నాలుగు పలకలు ఎత్తి వెతకనక్కర్లేదు.

పరీక్ష

దీపాల టెస్టర్ ఎనిమిది తీగలూ వరుసలో ఉన్నాయా అన్నది మాత్రమే చెబుతుంది. ఒక జంటలోని తీగ ఇంకో జంటలోని తీగతో కలిసిపోయినా అది పాస్ చేస్తుంది, నెట్‌వర్క్ మాత్రం నత్తనడక నడుస్తుంది. వాణిజ్య భవనంలో సర్టిఫికేషన్ టెస్టర్ అద్దెకైనా తేవాలి. అది పొడవు, సంకేత నష్టం, జంటల మధ్య చొరబాటు, ప్రతిఫలనం కొలిచి ప్రమాణంతో పోల్చి చెబుతుంది. పర్మనెంట్ లింక్ అడాప్టర్లతో ప్యానెల్ నుంచి సాకెట్ వరకు పరీక్షించండి. రిపోర్టుకు పెట్టే పేరు లేబుల్ మీది పేరే కావాలి, టెస్టర్ తనంతట ఇచ్చే 001, 002 కాదు. పట్టికలోని పేర్లను ముందే టెస్టర్‌లోకి ఎక్కించుకుంటే పొరపాటుకు తావుండదు.

పరీక్షలో లేబుల్ తప్పులు కూడా బయటపడతాయి. టెస్టర్ చూపిన పొడవును పట్టికలో మీటర్ అంకెల తేడాతో పోల్చండి. జంటలు మెలికతో ఉంటాయి కాబట్టి టెస్టర్ ఒకటి రెండు మీటర్లు ఎక్కువ చూపవచ్చు. కాని 41 ఉండాల్సిన చోట 29 వచ్చిందంటే కేబుల్ పాస్ అయినా సరే ఆగండి; అక్కడ రెండు పేర్లు తారుమారయ్యాయి. ఫెయిల్ అయిన వాటిలో ఎక్కువ భాగం కొసల దగ్గరి పంచింగ్ లోపమే, మళ్లీ పంచ్ చేస్తే సరిపోతుంది. రెండుసార్లు చేసినా పాస్ కాకపోతే లోపం మధ్యలో ఉంది, సీలింగ్ తెరిచి ఉండగానే కొత్తది లాగండి.

అప్పగించేటప్పుడు

చేతికివ్వాల్సినవి మూడు: అసలు కేబుల్ వెళ్లిన దారినీ ప్రతి పాయింటు పేరునూ చూపే యాజ్ బిల్ట్ డ్రాయింగ్, మీటర్ అంకెలతో సహా పూర్తయిన పట్టిక, టెస్ట్ రిపోర్టుల ఫైలు. డ్రాయింగ్ అంటే మొదట్లో ఆర్కిటెక్ట్ ఇచ్చినది కాదు. పని మధ్యలో ఏ బల్ల ఎటు జరిగిందో, ఏ పాయింటు రద్దయిందో సరిదిద్దినది. ఇవన్నీ మెయిల్‌లో పంపినా, పట్టిక ప్రతి ఒకటి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ర్యాక్ తలుపు లోపలి వైపు అతికించండి. ఆ కవర్లోనే ఒక పెన్ను కూడా ఉంచండి. ఎఫ్ ప్యానెల్‌లో ఖాళీగా ఉన్న ఎనిమిది పోర్టుల వరుసలు ఆ కాగితం మీద పేర్లతో సహా, మిగతా గళ్లు ఖాళీగా, కింద సిద్ధంగా ఉండాలి. తొమ్మిది నెలల తర్వాత కొత్త కెమెరా కోసం వచ్చే మనిషి 3ఏ-ఎఫ్17 అని మార్కర్‌తో రాసి, రెండు మీటర్ అంకెలూ అక్కడే నింపి, అప్పుడు పెట్టె విప్పుతాడు.